సురవరం ప్రతాపరెడ్డి సేకరణ వ్యాసంగం

తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు విద్యావంతుల కుటుంబాలు నివసించిన ఇళ్లలో అటకమీద ఒక గుడ్డమూట ఉండేది. అందులో తాటాకుల కట్టలుండేవి. తాతగారో, వారి తండ్రిగారో గంటంతో వ్రాసుకున్న కావ్యాలు, వైద్యగ్రంథాలు, జ్యోతిషం, శతకాలు, యక్షగానాలు వాటిలో ఉండేవి. అచ్చుపుస్తకం వచ్చిన తరువాత ఆ మూటను విప్పేవారు కరువయ్యారు. కొన్నింటిని చెదలు తిన్నాయి. మరికొన్ని వాన నీటికి తడిసి ముద్దయ్యాయి. శిథిలమైన వాటిని ఇంట ఉంచుకోరాదని పుష్కరాల నాడు నదిలో విడిచిన కుటుంబాలూ లేకపోలేదు. కొత్త చదువులు చదివిన యువకులకు ఆ ఆకులపై ఆసక్తి కలిగి ఉండడం కాలానికి తగని పనిగా తోచేది. సరిగ్గా అటువంటి కాలంలో పాత ఆకులనూ, పాత పద్యాలనూ, పాత మాటలనూ ఏరి కూర్చుకోవడమే జీవితవ్రతంగా పెట్టుకున్న పండితుడు సురవరం ప్రతాపరెడ్డి.

తాళపత్ర గ్రంథం తయారు కావడం సులభమైన పని కాదు. లేత ముదురు కాని ఆకులను ఎంచి, ఈనెలు తీసి, నీటిలో ఉడికించి, నీడలో ఆరబెట్టి, నునుపు చేసి, సమానంగా కత్తిరించేవారు. ఉడికించే నీటిలో పసుపు కలపడం పురుగు పట్టకుండా ఉండడానికి. ఇనుప గంటంతో ఆకుపై వ్రాసినపుడు అక్షరం కంటికి ఆనదు, కేవలం గీత పడుతుంది. ఆ తరువాత దీపపు మసిని ఆకుపసరుతో కలిపి రుద్ది తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరం పైకి తేలుతుంది. తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉండడానికి ఈ ఆకే కారణమని చెప్పేవారున్నారు. అడ్డంగా నిడుపు గీత గీస్తే ఆకు చీలుతుంది గనుక లేఖకుని చేయి సహజంగానే వంపు తిరిగిందని వారి వాదం. ఇక లెక్కల కోసం కడితం వాడేవారు. గుడ్డకు చింతగింజల అంబలి, బొగ్గుపొడి పట్టించి నల్లబరచి, బలపంతో వ్రాసి, మడతలు పెట్టి దాచేవారు. కోరుట్లలో తయారైన చేతికాగితం తెలంగాణ గ్రామాధికారుల దస్తరాలలో చాలాకాలం నిలిచింది. కవిలె, కడితం, దస్తరం, గంటం అన్న మాటలన్నీ మన ప్రాచీన కావ్యాల్లో కనబడతాయి. వస్తువులు పోయిన తరువాత మాటల అర్థం చెప్పేవారుండరు. ప్రతాపరెడ్డిని జీవితమంతా వెంటాడిన చింత ఇదే.

ఆయన 1896 మే 28వ తేదీన బోరవెల్లి గ్రామంలో మాతామహుల ఇంట జన్మించారు. తల్లి రంగమ్మ, తండ్రి నారాయణరెడ్డి. స్వగ్రామం అలంపురం తాలూకాలోని ఇటిక్యాలపాడు. ఆ ప్రాంతం నేడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఆ సీమలో బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయాలు ఒకవైపు, విద్వత్పోషణకు పేరొందిన గద్వాల సంస్థానం మరొకవైపు ఉన్నాయి. వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాధీశులు కూడా కవిపండితులను ఆదరించినవారే. ఊరూరా పద్యం వినబడే నేల అది. బాల్యంలో కర్నూలులో చిన్నాన్న ఆదరణలో ఉండి చదువుకున్న ప్రతాపరెడ్డి, అక్కడ వెల్లాల శంకరశాస్త్రి వద్ద సంస్కృత కావ్యాలు అభ్యసించారు. హైదరాబాదు నిజాం కళాశాలలోను, తరువాత మద్రాసులోను చదివి బి.ఏ., బి.ఎల్. పట్టాలు పొందారు. మద్రాసులో వేదం వేంకటరాయశాస్త్రి సాహచర్యం లభించింది. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారసీకం, ఆంగ్లం ఆయనకు కరతలామలకాలైనాయి. కొంతకాలం న్యాయవాదిగా పనిచేసినా ఆ వృత్తిలో మనసు నిలువలేదు.

నాటి హైదరాబాదు రాజ్యంలో తెలుగు మాట్లాడే జనం అధికసంఖ్యాకులు. అయినా పాలన, న్యాయస్థానాలు, ఉన్నతవిద్య అన్నీ ఉర్దూలోనే సాగేవి. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనభాష ఉర్దూ. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంస్కరణ సభలో తెలుగులో ప్రసంగించబోయిన వక్తను సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుండే ఆంధ్రజనసంఘం పుట్టింది. మరుసటి సంవత్సరం, 1922లో, నల్లగొండ నుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావు నీలగిరి పత్రికను, వరంగల్ ప్రాంతపు ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను వెలువరించారు. రెండూ ఎక్కువకాలం నిలువలేదు.

ప్రతాపరెడ్డి 1924 ప్రాంతంలో హైదరాబాదులోని రెడ్డి విద్యార్థి వసతిగృహానికి కార్యదర్శి అయ్యారు. నగర కొత్వాలు రాజబహద్దూర్ వేంకటరామారెడ్డి కృషితో ఏర్పడిన ఆ సంస్థ పల్లెల నుండి వచ్చిన తెలుగు విద్యార్థులకు నీడనిచ్చింది. భోజన వసతితోపాటు పుస్తకం కూడా విద్యార్థికి అందాలన్నది ప్రతాపరెడ్డి పట్టుదల. అక్కడి గ్రంథాలయాన్ని పెంచడంలో ఆయన చూపిన శ్రద్ధ సామాన్యం కాదు.

1926 మే 10వ తేదీన గోలకొండ పత్రిక వెలువడింది. వారానికి రెండుసార్లు వచ్చే ఆ పత్రిక భారమంతా ప్రతాపరెడ్డి భుజస్కంధాలపైనే ఉండేది. నాటి ఉర్దూ పత్రికలను కాతిబులు, అనగా లేఖకులు, ఏటవాలుగా చెక్కిన రెల్లుకలంతో అందంగా వ్రాస్తే, ఆ వ్రాతను రాతిపలకపై దించి ముద్రించేవారు. తెలుగుకు ఆ పద్ధతి లేదు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చాలి. తెలుగు ముద్రణాలయాలు, తెలుగు అక్షరాలు కూర్చగల పనివారు ఆ నగరంలో అరుదు. అందువల్ల వార్త వ్రాయడం మొదలుకొని అచ్చుతప్పులు దిద్దడం వరకు సంపాదకుడే చూసుకోవలసి వచ్చేది. వ్రాసేవారు తక్కువైనప్పుడు చిత్రగుప్త, జంగం బసవయ్య వంటి మారుపేర్లతో తానే పలువురు రచయితలయ్యేవారు. ప్రభుత్వం సంపాదకీయాలను ముందుగా చూపి అనుమతి పొందాలని ఆంక్ష విధించినపుడు, సంపాదకీయానికి బదులు లోకప్రసిద్ధులైన రచయితల సూక్తులను ప్రచురించి ఊరుకున్నారని ప్రతీతి. ఆ సూక్తుల భావం గ్రహించని పాఠకుడు ఉండి ఉండడు.

ఆ రోజులలోనే తెలంగాణలో తెలుగు కవులు లేరన్న అభిప్రాయం ఒకటి వెలువడింది. దానికి సమాధానంగా ఒక వ్యాసం వ్రాసి తృప్తిపడడం చాలామంది చేయగల పని. ప్రతాపరెడ్డి వాదానికి దిగక సేకరణకు పూనుకున్నారు. కవులు తమ పద్యాలను, వివరాలను పంపవలసినదని పత్రిక ద్వారా కోరారు. గ్రామాల నుండి ఉత్తరాలు వచ్చాయి. బడిపంతుళ్లు, పురోహితులు, కరణాలు, సేద్యగాండ్రు, సంస్థానాలను ఆశ్రయించిన విద్వాంసులు, అచ్చులో తమ పేరు ఎన్నడూ చూసుకొననివారు తమ రచనలను పంపారు. వాటిని చదవడం, ఎంచడం, క్రమంలో కూర్చడం, అచ్చువేయించడం ఒక చేతిమీదుగా జరగడం నేటి సౌకర్యాలకు అలవాటు పడినవారికి ఊహకందని శ్రమ. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది కవులకు చోటు లభించింది. ఆ పద్యాలన్నీ ఉత్తమ కవిత్వమని ఎవరూ అనలేరు. సంకలనకర్త ఉద్దేశం కూడా అది కాదు. ఉనికిని నిరూపించడమే అక్కడి ప్రధాన విషయం. ఎన్నడో కాలగర్భంలో కలిసిపోవలసిన పేర్లు అనేకం ఆ ఒక్క పుస్తకం కారణంగా మిగిలాయి.

ఈ నడుమ 1930లో జోగిపేటలో జరిగిన నిజాంరాష్ట్ర ఆంధ్రమహాసభకు ఆయన ప్రథమాధ్యక్షులైనారు. రెండవ మహాసభ 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది. ప్రతాపరెడ్డి రచించిన హిందువుల పండుగలు, రామాయణ విశేషములు, మొగలాయి కథలు, నాటకాలు పాఠకాదరణ పొందాయి. పండుగల పుస్తకంలోనూ ఆయన సేకరణబుద్ధి కనబడుతుంది. ఒకే పండుగ వేర్వేరు ప్రాంతాలలో ఎట్లు జరుగుతుందో, దాని పుట్టుక ఏమిటో విచారించడం అందలి పద్ధతి.

ఈ అభిరుచులన్నీ ఒకచోట కలిసిన గ్రంథం ఆంధ్రుల సాంఘిక చరిత్రము. 1949లో ప్రచురితమైన ఈ గ్రంథం తూర్పు చాళుక్యుల కాలంతో మొదలై 1907 వరకు సాగుతుంది. రాజుల జయాపజయాలు, వంశవృక్షాలు మాత్రమే చరిత్రగా చెలామణి అవుతున్న దినాలవి. ప్రజలు ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ నాణెంతో ఏమి కొన్నారు, దేనికి భయపడ్డారు అన్నవి చరిత్రకారుని ప్రశ్నలు కావని పలువురు భావించేవారు. ప్రతాపరెడ్డికి అవే ప్రశ్నలు ముఖ్యమైనాయి. సమాధానాల కోసం ఆయన శాసనాలను, విదేశ యాత్రికుల రచనలను చూశారు. అంతకంటె ఎక్కువగా కావ్యాలను గాలించారు.

ఏ కావ్యాలను? ఇక్కడే ఆయన దృష్టి విలక్షణమైనది. పండితులు నెత్తిన పెట్టుకున్న ప్రబంధాలలో వర్ణనలు కవిసమయాలకు కట్టుబడి ఉంటాయి. వాటిలో నగరానికి అగడ్త, అగడ్తకు పాతాళం, మేడకు చంద్రుడు తప్పవు. పండితులు చిన్నచూపు చూసిన గ్రంథాలలో మాత్రం జనజీవనం ఉన్నది. పాల్కురికి సోమనాథుని బసవపురాణ పండితారాధ్య చరిత్రలు, పల్నాటి వీరచరిత్ర, క్రీడాభిరామం, కొఱవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, కదిరీపతి శుకసప్తతి, అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి ఆయనకు గనులైనాయి. క్రీడాభిరామంలో ఓరుగంటి వీధులు, అక్కడి పూటకూళ్ల ఇల్లు, రూకకు లభించిన భోజనం ఉన్నాయి. శుకసప్తతిలో రైతు ఇల్లు ఉన్నది. హంసవింశతి కథలు శృంగారప్రధానాలని పక్కన పెట్టినవారికి, అందులో పనిముట్ల పేర్లు, పక్షుల పేర్లు, పిండివంటల పేర్లు, పిల్లల ఆటల పేర్లు వరుసలు కట్టి ఉన్న సంగతి పట్టలేదు.

ఆ ఆటల పేర్లను వివరించడానికి పూనుకొన్నపుడు ఆయనకు నిఘంటువులు తోడ్పడలేదు. చాలా పదాలకు అది ఒక బాలక్రీడ అని మాత్రమే అర్థం వ్రాసి ఉన్నది. అది క్రీడ అని పద్యం చదివిన ప్రతివాడికీ తెలుసు. ఎట్లు ఆడాలన్నది కదా తెలియవలసినది. ప్రతాపరెడ్డి ఈ లోపాన్ని పరిహాసంతో, ఒకింత కోపంతో ఎత్తిచూపారు. తాను పల్లెలో ఎరిగిన ఆటలతో పద్యంలోని పేర్లను సరిపోల్చి చూశారు. అచ్చనగండ్లు, ఓమనగుంటలు, చిర్రగోనె వంటివి ఎదుటనే ఉన్నాయి గనుక పోల్చడం సాధ్యమైంది. పల్లెలలో మరచిపోయిన ఆటల సంగతి ఆ మాత్రం కూడా తేలలేదు.

ఈ పద్ధతిలో లోపాలు లేవని కాదు. కవి హాస్యానికి, అతిశయోక్తికి వ్రాసినదానిని సమాజ వాస్తవంగా గ్రహించే ప్రమాదం ఇందులో ఉన్నది. కొన్నిచోట్ల ప్రతాపరెడ్డి నిర్ణయాలు తొందరపాటుతో కూడినవనిపిస్తాయి. కవుల గుణదోషాలపై ఆయన తీర్పులు నిష్ఠురంగా ఉంటాయి. అయినా గ్రంథం చదువుతున్నంతసేపు పాఠకుడు ఒక అంగడివీధిలో నడుస్తున్నట్లే ఉంటుంది. పాండిత్య గ్రంథాలలో ఈ గుణం అరుదు.

గోలకొండ పత్రికకు దూరమైన తరువాత ఆయన 1951లో ప్రజావాణి పత్రికను ఆరంభించారు. 1952 ఎన్నికలలో వనపర్తి నియోజకవర్గం నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనారు. 1953 ఆగస్టు 25వ తేదీన పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు 57 సంవత్సరాలు. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో బహుమతులను ప్రారంభించినపుడు తెలుగులో మొదటి బహుమతి ఆంధ్రుల సాంఘిక చరిత్రమునకు లభించింది. తదుపరి కాలంలో ఆ గ్రంథం పలుమార్లు పునర్ముద్రణ పొందింది. అందులో ఆయన అర్థం తెలియలేదని వదలిన పదాలు కొన్ని ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి.