కరివేపాకు పేరులో ఉన్న మనిషి

అవసరానికి వాడుకుని ఆ తరవాత పక్కకు నెట్టేసిన మనిషిని మనవాళ్ళు కూరలో కరివేపాకు అంటారు. మెస్సులో సాంబారన్నం కలుపుకుంటూ ఆ ఆకుని ఏరి కంచం అంచున పెట్టడం మనందరికీ అలవాటే. ఆ ఆకుకి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ముర్రయా కోనిగి. అందులో రెండో మాట ఒక మనిషి పేరు. ఆయన ఎక్కడివాడైనా గానీ, చనిపోయింది మాత్రం మనకు దగ్గర్లోనే. కాకినాడలో వంతెన దాటితే వచ్చే జగన్నాథపురంలో, 1785 జూన్ 26న.

ఈ వార్షికోత్సవ సంచికలో అంబేద్కర్ గారి గురించీ కాటన్ దొర గురించీ రాసేవాళ్ళు ఎలాగూ ఉంటారు కాబట్టి నేను ఈయన్ని ఎంచుకున్నాను. సీతాకోకచిలుకల్నీ పురుగుల్నీ పోగుచేసి వాటి పేరేమిటో తేల్చుకోవడం పిల్లల ఆటగా కనిపిస్తుంది. ఆ ఆటలోనే జీవితమంతా గడిపిన మనిషి కథ ఇది.

యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1728 నవంబరులో బాల్టిక్ సముద్ర ప్రాంతంలో, ఇప్పటి లాట్వియా దేశంలో పుట్టాడు. జర్మన్ మాట్లాడే కుటుంబం. మొదట మందులు తయారుచేసే పని నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో మందులంటే ఆకులూ వేళ్ళూ బెరళ్ళే. ఒక ఆకు బదులు ఇంకో ఆకు నూరితే రోగి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఆ పనిలో ఉన్నవాడికి మొక్కల్ని గుర్తుపట్టడం తప్పనిసరి. ఆ ఆసక్తితోనే 1757లో స్వీడన్ దేశంలోని ఉప్సాలా వెళ్ళి లిన్నేయస్ అనే గురువు దగ్గర చేరాడు.

లిన్నేయస్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. అంతకు ముందు ఒక్కో మొక్కకీ లాటిన్ భాషలో ఒక వాక్యమంత పొడుగు పేరు ఉండేది. ఆయన దాన్ని రెండు మాటలకి కుదించాడు. మనకి ఇంటి పేరూ సొంత పేరూ ఉన్నట్టన్నమాట. 1753లో మొక్కలకీ, 1758లో జంతువులకీ ఈ పద్ధతి పెట్టాడు. కోనిగ్ ఆయన దగ్గరికి చేరిన మరుసటి ఏడే ఈ రెండో పుస్తకం వచ్చింది. అందులో సీతాకోకచిలుకలకి గ్రీకు పురాణ వీరుల పేర్లు పెట్టారు. మన తోటల్లో నల్లరెక్కల మీద ఎర్రచుక్కలతో తిరిగే ఒక చిలుకకి హెక్టర్ అని పేరు. మనవాళ్ళు పెట్టి ఉంటే ఏ అభిమన్యుడనో పెట్టేవాళ్ళు!

చదువయ్యాక కోనిగ్ డెన్మార్క్‌లో ఉన్నాడు. 1764, 65 సంవత్సరాల్లో మంచు దేశమైన ఐస్‌లాండ్‌కి పోయి మొక్కలు పోగుచేశాడు. ఆ తరవాత దానికి పూర్తిగా ఎదురైన ఎండల్లోకి బయలుదేరాడు. తమిళ దేశపు సముద్రం ఒడ్డున తరంగంబాడి అని ఒక ఊరు ఉంది. అప్పట్లో అది డెన్మార్క్ వాళ్ళ చేతిలో ఉండేది. అక్కడి క్రైస్తవ మిషన్‌కి వైద్యుడిగా 1768లో వచ్చాడు. అప్పటికి ఆయనకి నలభై ఏళ్ళు. మరి పదిహేడేళ్ళు బతికాడు. అందులో కొన్ని ప్రయాణాలు తీసేస్తే మిగతాదంతా ఈ దేశంలోనే.

ఆయన వైద్యం చేస్తూనే మొక్కలూ గవ్వలూ పురుగులూ సేకరించేవాడు. ఇది ఎంత కష్టమో సీతాకోకచిలుకని ఎప్పుడైనా పుస్తకంలో పెట్టి దాచినవాళ్ళకి తెలుస్తుంది. వారం తిరిగేసరికి చీమలు మొండెం తినేస్తాయి, రెక్కలు మాత్రమే మిగులుతాయి. వానాకాలమైతే బూజు. కోనిగ్ కాలంలో ఇంకో కష్టం కూడా ఉంది. ఇవన్నీ ఓడ ఎక్కి, ఆఫ్రికా ఖండాన్ని చుట్టి, నెలల తరబడి సముద్రం మీద వెళ్ళాలి. దారిలో ఓడ మునిగితే ఏళ్ళ కష్టం ఉప్పునీళ్ళ పాలు. అన్నీ దాటి చేరినవి ఫాబ్రిసియస్ అనే పండితుడి చేతికి అందేవి. ఈయన కూడా లిన్నేయస్ శిష్యుడే. 1775లో ఫాబ్రిసియస్ పురుగుల మీద ఒక పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అందులో కోనిగ్ పంపిన పురుగులు చాలా ఉన్నాయి. పత్తి చేలలో, బెండ మొక్కల మీద, బూరుగ చెట్ల కింద గుంపులుగా తిరిగే ఎర్ర పురుగు ఉంటుంది చూడండి, వీపు మీద రెండు నల్లచుక్కలతో. ఆ పుస్తకంలోనే దానికి కోనిగ్ పేరు పెట్టాడు. ఈ రోజుకీ వ్యవసాయ పుస్తకాల్లో దాని పేరు డిస్డెర్కస్ కోనిగి. స్నేహితుడి మీద గౌరవంతో రైతుని ఏడిపించే పురుగుకి ఆయన పేరు పెట్టడం నాకైతే కాస్త నవ్వు తెప్పించింది. కరివేపాకుకి మాత్రం లిన్నేయస్ స్వయంగా 1771లో శిష్యుడి పేరు పెట్టాడు.

తరంగంబాడిలో ఆయన చుట్టూ మిషనరీలూ వైద్యులూ కొందరు చేరారు. ఒకరికి దొరికింది ఇంకొకరికి పంపుకోవడం, పేరు తేలకపోతే యూరప్‌కి రాసి కనుక్కోవడం వాళ్ళ పని. 1773లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం, ఆయన అక్కడికి వెళ్ళకుండానే, డాక్టరు పట్టా ఇచ్చింది. మిషన్ ఇచ్చే జీతంతో తిరగడం కష్టమై 1774లో ఆర్కాటు నవాబు కొలువులో చేరాడు. 1778లో మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ ఆయన్ని ప్రకృతి శాస్త్రవేత్తగా పెట్టుకుంది. ఆ ఉద్యోగంలోనే సయాం, మలక్కా దేశాలు తిరిగి 1780లో వచ్చాడు.

1779లో ఆయన రాసిన చెదపురుగుల వ్యాసం బెర్లిన్‌లో అచ్చయింది. తంజావూరు ప్రాంతంలో పుట్టలు తవ్వించి చూసి రాసిన వ్యాసం. రెక్కలొచ్చిన చెదల్ని, అదే మనం ఉసిళ్ళు అంటామే, వాటిని అక్కడివాళ్ళు కుండల్లోకి పట్టి పిండిలో కలిపి వండుకుని తినడం కూడా అందులో రాశాడు. తొలకరి వానకి లేచిన ఉసిళ్ళని పట్టి వేయించుకు తినడం మన పెద్దవాళ్ళలో కొందరికి తెలిసిన సంగతే. కాబట్టి ఆ వ్యాసంలో ఉన్న విద్య సగం కోనిగ్‌ది, మిగతా సగం పుట్ట ఎక్కడ తవ్వాలో, ఉసిళ్ళు ఏ వేళకి లేస్తాయో తెలిసిన కూలివాళ్ళది. నాకు ఈ కథలో మనసుకి పట్టే చోటు ఇదే. దొర పేరు ఆకుకీ పురుగుకీ ఉంది. ఆయనకి దారి చూపినవాళ్ళ పేర్లు, మోసినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. మన తాతలు చేలల్లో పనిచేసి ఏ పురుగు ఏ ఆకు తింటుందో చెప్పగలిగినవాళ్ళు. వాళ్ళ చేతిలో పలకా బలపం లేవు. అంతే తేడా.

అలాగని కోనిగ్ పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్నాడా అంటే అదీ లేదు. పోగుచేయడంలో ఉన్న తీరిక అచ్చువేయడంలో ఆయనకి దొరకలేదు. ఆయన రాసిన మొక్కల వర్ణనలు కొన్ని స్వీడన్‌లో రెట్జియస్ అనే పండితుడి పుస్తకంలో వచ్చాయి. మిగిలినవి కాగితాల కట్టలుగానే ఉండిపోయాయి.

1785లో ఆయన కలకత్తా ప్రయాణం పెట్టుకున్నాడు. తూర్పు తీరం వెంట వస్తూ ఉండగా విరేచనాల జబ్బు పట్టుకుంది. అప్పటికి మన గోదావరికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు, లొల్ల లాకులు లేవు. కాకినాడ పక్కన జగన్నాథపురం డచ్చివాళ్ళు వర్తకం చేసుకున్న రేవు. సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే కంపెనీ వైద్యుడు ఉండేవాడు. మొక్కల పనిలో కోనిగ్‌కి శిష్యుడిలాంటివాడు. ఆయనే దగ్గరుండి వైద్యం చేశాడు. అయినా ప్రాణం నిలవలేదు. కోనిగ్ వయసు యాభై ఆరు. కాగితాలన్నీ లండన్‌లో ఉన్న జోసెఫ్ బ్యాంక్స్‌కి చేర్చమని ఏర్పాటు చేసి పోయాడు. అవి అక్కడికి చేరాయి. ఆయన ఉద్యోగం పాట్రిక్ రస్సెల్‌కి వచ్చింది. ఇంగ్లీషులో రక్తపింజరి పాముకి ఈ రస్సెల్ పేరే ఉంది.

రాక్స్‌బర్గ్ పనిని ఆపలేదు. 1789లో సామర్లకోట దగ్గరి కొండల నుంచి లక్క పురుగుల్ని తెప్పించి వాటి పెరుగుదల గమనించి రాశాడు. తరవాత కలకత్తా వెళ్ళి దసలిపట్టు, ఆముదపు పట్టు ఇచ్చే మాత్ పురుగుల మీద రాసిన వ్యాసం 1804లో అచ్చయింది. మాత్ అంటే రాత్రిపూట ట్యూబులైటు చుట్టూ తిరిగే బొద్దు రెక్కల పురుగు. 1795 నుంచి వచ్చిన ఆయన కోరమండల్ మొక్కల పుస్తకంలో లాటిన్ పేరుతో పాటు తెలుగు పేరు కూడా ఇచ్చాడు. బొమ్మలు వేసింది ఇక్కడి చిత్రకారులు. వాళ్ళ పేర్లు మాత్రం పుస్తకంలో ఇవ్వలేదు.

ఇప్పుడు మళ్ళీ కరివేపాకు చెట్టు దగ్గరికి రావాలి. ఆత్రేయపురం చుట్టుపక్కల పెరట్లో ఈ చెట్టు లేని ఇల్లు తక్కువ. లేత ఆకుల మీద అప్పుడప్పుడు పిట్ట రెట్టలాంటిది కనిపిస్తుంది. రెట్ట కాదు, గొంగళిపురుగు. పిట్టలు తినకుండా అలా వేషం వేసుకుంటుంది. పెద్దదయ్యాక పచ్చగా మారుతుంది. పుల్లతో తాకితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన కొడుతుంది. ఇది నల్లటి సీతాకోకచిలుక అవుతుంది. లిన్నేయస్ 1758లో దీనికి పోలైటిస్ అని పేరు పెట్టాడు. పెట్టాడు సరే, దీని మగదానికి వేరే జాతి అనుకుని పామన్ అని ఇంకో పేరు కూడా పెట్టేశాడు! ఆయన తప్పు కూడా కాదు. ఆడదానికి మూడు రూపాలు. ఒకటి మగదానిలాగే ఉంటుంది. రెండోది, ఈశ్వరి తీగ తిని పెరిగి విషం నింపుకున్న ఒక ఎర్రచుక్కల చిలుకలా కనిపిస్తుంది. దానికి ఫాబ్రిసియస్ 1775లో ఆ తీగ పేరే పెట్టాడు. మూడోది ఇందాకటి హెక్టర్‌లా ఉంటుంది. విషం లేకుండానే విషం ఉన్నదాని వేషం. పిట్టలు మోసపోయి వదిలేస్తాయి.

చచ్చిన చిలుకల్ని పెట్టెలో పక్కపక్కన గుచ్చి ఎంత చూసినా ఈ ముడి విడదు. 1865లో వాలెస్ ఇవన్నీ ఒకే జాతి అని చెప్పాడు. ఫ్రయర్ అనే ఆయన సింహళంలో తరాల తరబడి వీటిని పెంచి, ఒకే తల్లి గుడ్ల నుంచి వేరు వేరు రూపాలు రావడం 1913లో లెక్కలతో చూపించాడు.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరైనా ఇది చూడవచ్చు. ఖర్చేమీ లేదు. వలతో పట్టి చంపి గుచ్చనవసరం లేదు. 1972 వన్యప్రాణి చట్టం కొన్ని సీతాకోకచిలుకల్ని రక్షిత జాబితాలో పెట్టింది కూడా. గొంగళిపురుగుని ఆకుతో సహా పెద్ద సీసాలో పెట్టి మూతికి దోమతెర గుడ్డ కట్టండి. రోజూ తాజా కరివేపాకు వేసి రెట్టలు తీసేయండి. మందు కొట్టిన చెట్టు ఆకు వేయకండి, చచ్చిపోతుంది. నిలబెట్టిన పుల్ల ఒకటి ఉంచితే దానికి దారం చుట్టుకుని గూడు కడుతుంది. నోటుబుక్కులో ఏ రోజు దొరికిందో, ఏ ఊళ్ళో, ఎవరి పెరట్లో, ఏ ఆకు మీదో, చూపించిన వాళ్ళెవరో వాళ్ళ పేరుతో సహా రాయండి. సుమారు పది పన్నెండు రోజులకి గూడు నల్లబడుతుంది. తెల్లవారి స్టడీ అవరుకి లేచేసరికి చిలుక బయటికి వచ్చి రెక్కలు ఆరబెట్టుకుంటూ ఉంటుంది. ఆడది వస్తే ఏ వేషంలో వస్తుందో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు.