డోర్నకల్లు అజరయ్యగారు

బొగ్గుగనుల ప్రాంతమున నివసించువారికి డోర్నకల్లు అనినతోడనే రైలుకూడలి జ్ఞప్తికి వచ్చును. ఇల్లెందు బొగ్గును మోసికొనివచ్చు శాఖామార్గము ప్రధానమార్గముతో కలిసికొనునది అచ్చటనే. 1889లో ఇల్లెందున గని త్రవ్వకము ఆరంభమైనది మొదలు ఎన్ని వేల బండ్ల బొగ్గు ఆ కూడలిని దాటినదో లెక్కింపశక్యము కాదు. ఆ స్టేషనుకు సమీపముననే గుమ్మటములతో, రాతి స్తంభములతో ఒక ఆలయము కానవచ్చును. చూడగానే అది దేవళమా, మసీదా, క్రైస్తవ ప్రార్థనామందిరమా యని క్రొత్తవారు సందేహింతురు. ఆ సందేహము కలుగవలెననియే దానిని కట్టించినవారి యుద్దేశము కాబోలు. ఆయనయే వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు.

అజరయ్యగారు తెలుగువారు కారు. 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి మండలములోని వెళ్లాలన్‌విళై గ్రామమున జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకముగారు గ్రామ పాదిరి. కుమారుని కొరకు చిరకాలము ప్రార్థించిన తల్లి, బైబిలులోని హన్నాను తలచుకొని బిడ్డకు శామ్యూలని పేరిడెను. పదునైదేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. తల్లి పెంపకమున పెరిగి, మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివి, పట్టము పుచ్చుకొనకయే బయటికి వచ్చి, 1895లో యువజన క్రైస్తవ సంఘమున కార్యదర్శిగా చేరిరి. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాలకు వెళ్లి చదివిన తొలివారిలో ఆమె యొకరు. తరువాతి కాలమున డోర్నకల్లులో స్త్రీలకు చదువు చెప్పుటలో ఆమె పడిన శ్రమ భర్త శ్రమకు తీసిపోదు.

1902లో ఆయన సింహళములోని యాళ్పాణమునకు పోయిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత సొమ్ముతో తమవారినే దూరప్రాంతములకు సేవకై పంపుచుండుట చూచి, తిరునల్వేలి క్రైస్తవులు ఇంతకాలము పరదేశీయుల ధనముపై ఆధారపడి యుంటిమే యని సిగ్గుపడిరి. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో తిరునల్వేలి భారత మిషనరీ సంఘము వెలసినది. ఆ సంఘము తన సేవకై ఎన్నుకొనినది నిజాము రాజ్యములోని డోర్నకల్లు ప్రాంతము. ఇతరులను పంపి తాను పట్టణమున సుఖముగా నుండుట అజరయ్యగారి మనస్సునకు ఒప్పలేదు. 1909లో గురుపట్టము పొంది, భార్యాబిడ్డలతో ఆ యడవిసీమకు తరలివచ్చిరి. మొదట గుడారమే ఇల్లు. ముప్పదియైదేండ్ల వయస్సున తెలుగు అక్షరములు దిద్దుకొని, ఎడ్లబండిపై ఊరూర తిరిగి బోధించుట ఆరంభించిరి.

1910లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. వేయిమందికి పైగా చేరిన ఆ సభలో దాదాపు అందరును తెల్లవారే. అజరయ్యగారు లేచి, పాశ్చాత్య మిషనరీలు ఈ దేశమునకై చేసిన త్యాగమును మొదట కొనియాడిరి. అటుపిమ్మట, త్యాగము చేసినవారు స్నేహము మాత్రము చేయలేకపోయిరని నిర్మొగమోటముగా చెప్పి, మాకు స్నేహితులను ఇండని వేడుకొనిరి. సభలో కొందరికి కోపము వచ్చెను, కొందరు తల వంచుకొనిరి. పరపాలనలో నున్న దేశమునుండి వచ్చిన యువకుడు దొరల సభలో అట్లు పలుకుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో చదువరులే ఊహింపవచ్చును.

రెండేండ్ల తరువాత ఆయనను డోర్నకల్లు బిషప్పుగా నియమింప తలపెట్టినప్పుడు అలజడి చెలరేగినది. భారతీయుని క్రింద పనిచేయుట కొందరు యూరోపియనులకు ఇష్టము లేదు. చిత్రమేమనగా, స్వదేశ క్రైస్తవులలోను కొందరు ప్రతికూలించిరి. మదరాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు పట్టు విడువక నిలిచినందున 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము జరిగినది. ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పదవి నధిష్ఠించిన ప్రథమ భారతీయుడు అజరయ్యగారే. తమ్ము నిరాకరించినవారికి ఆయన బదులు చెప్పలేదు. తిరిగి వచ్చి మరల ఎడ్లబండి ఎక్కిరి.

ఆయన అధీనములోని సంఘము అత్యధికముగా మాల మాదిగ పల్లెలలోనిది. ఆ కాలమున ఆ గూడెములలో వెట్టిచాకిరి, కలరా, కరవు, షావుకారు వడ్డీ ఎట్లుండెనో పెద్దలెరుగుదురు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగును ఆ జనమునకు శత్రువులని ఆయన ఎంచిరి. పరలోకమును గూర్చి బోధించిన నోటితోనే బావి శుభ్రతను గూర్చియు, కల్లుపాక మానుటను గూర్చియు బోధించిరి. బాప్తిస్మమునకు వచ్చినవారిని తమ చేయి తమ తలపై నుంచుకొని, ఈ సువార్తను తోటివారికి చెప్పకున్నచో తమకు శ్రమయని పలుకుమనుట ఆయన అలవాటు. నిన్నటివరకు ఎవరియెదుటను నోరెత్తని కూలివాడు, తన యొద్దను ఇతరులకు ఈయదగినది యొకటి కలదని ఆ క్షణమున తెలిసికొనెడివాడు. కడు బీదలగు స్త్రీలు వంటకు బియ్యము తీయునపుడు ఒక పిడికెడు వేరుగా ఎత్తిపెట్టి ఆదివారము గుడికి తెచ్చెడివారు. ఈ పిడికెడు బియ్యము ఆయనకు మిక్కిలి ప్రీతి. బీదవారు ఇచ్చుట కూడదని జాలిపడువారితో ఆయన ఏకీభవించెడివారు కారు. కానుకలను గూర్చి ఒక గ్రంథమే వ్రాసిరి.

1941 నాటికి మేత్రాసనములో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను. సంఖ్య పెరిగినకొలది చిక్కులును పెరిగినవి. మాల మాదిగల నడుమ భేదము గుడిలోనికి సైతము ప్రవేశించినది. దానిని ఆయన జీవితకాలమున పూర్తిగా తొలగింపలేకపోయిరి. క్రమశిక్షణలో కడు కఠినులని నొచ్చుకొనిన వారును కలరు. 1930 తరువాత గాంధీమహాత్ముడు సామూహిక మతాంతరీకరణములను విమర్శించిరి. ఈ విమర్శ అజరయ్యగారిని మిగుల బాధించియుండును. ఏలయన ఆయన దేశాభిమాని. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని నిర్భయముగా వాదించినవారు. ఒకవైపు తెల్లవారికి మరీ భారతీయుడు, మరియొకవైపు జాతీయవాదులకు మరీ క్రైస్తవుడు. ఈ రెండు ఒరవడుల నడుమ ఇరువదియేండ్లకు పైగా నిలిచిరి.

శాంతియనగా కష్టములు తొలగుట యని ఆయన తలచినట్లు ఆయన దినచర్యలో కానరాదు. తెల్లవారకమునుపే లేచి ప్రార్థించుట, పిదప బండి ప్రయాణము, ఊరిలో జనుల వ్యాజ్యములు వినుట, సాయంకాలము వారితో కలిసి తెలుగు కీర్తనలు పాడుట, ఇంతియే. తాళములు, మద్దెల, కోలాటము గుడికి తగవని కొందరు పెదవి విరిచినను ఆయన వానిని ఆదరించిరి. ఆ కీర్తనలే తరువాతి కాలమున పల్లెలనుండి ఇల్లెందు, కొత్తగూడెము గనులకును, 1960 తరువాత గోదావరిఖని కార్మికవాడలకును జనులతో పాటు తరలినవి.

డోర్నకల్లు ఆలయనిర్మాణమునకు ఇరువదియేండ్లకు మించి పట్టినది. ఆర్థికమాంద్యము వచ్చినది, సొమ్ము చాలలేదు, పని ఆగి ఆగి సాగినది. ఆయన తొందరపడలేదు. 1939 జనవరి 6న అది ప్రతిష్ఠింపబడినది. ఆ సంవత్సరముననే యూరపున యుద్ధము ఆరంభమైనది.

1919లో తరంగంబాడిలో సంఘముల ఐక్యతకై ఆయన ఆరంభించిన యత్నము మాత్రము ఫలించుట చూడకయే, 1945 జనవరి 1న, కొలదిదినముల జ్వరముతో డోర్నకల్లుననే కన్నుమూసిరి. ఆలయము చెంతనే సమాధి గావించిరి. 1947 సెప్టెంబరు 27న మదరాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది.