జియాంగ్ షియావోవాన్

జియాంగ్ షియావోవాన్ (మరణం: 1922) చైనాకు చెందిన దుబాసీ, లేఖకుడు. ఆరెల్ స్టెయిన్ 1906-08 సంవత్సరాలలో మధ్య ఆసియాలో జరిపిన రెండవ పురాతత్వ యాత్రలో ఈయన దుబాసీగా, కార్యదర్శిగా పనిచేశాడు. దున్‌హువాంగ్ సమీపంలోని సహస్ర బుద్ధ గుహల నుండి వేలాది ప్రాచీన గ్రంథాలు స్టెయిన్ చేతికి చేరడంలో ఈయనది ముఖ్యపాత్ర. స్టెయిన్ రచనలలో ఈయన పేరు చియాంగ్ సూ-యే అని కనిపిస్తుంది. సూ-యే అనగా అధికారుల కచేరీలలో లేఖన వ్యవహారాలు నడిపే ఉద్యోగి.

యాత్రలో చేరిక

జియాంగ్ హునాన్ రాష్ట్రానికి చెందినవాడు. స్వస్థలానికి బహుదూరమైన సింకియాంగ్ ప్రాంతపు కచేరీలలో పనిచేశాడు. కాష్గర్‌లోని బ్రిటిషు ప్రతినిధి జార్జి మకార్ట్‌నీ సిఫారసుపై 1906లో స్టెయిన్ వద్ద చేరాడు. సంస్కృత పండితుడైన స్టెయిన్‌కు చైనా భాష రాదు. ఇద్దరూ తుర్కీ భాషలోనే మాట్లాడుకొనేవారు. జియాంగ్ తుర్కీలో హునాన్ యాస బలంగా ఉండడంతో అది అర్థం కావడానికి మొదట్లో స్టెయిన్ కష్టపడవలసి వచ్చింది.

జియాంగ్ పని మాటలు అనువదించడంతో ఆగలేదు. 1907 వసంతంలో దున్‌హువాంగ్ ఎడారిలోని ప్రాచీన కావలి బురుజుల వద్ద దొరికిన కొయ్య పలకలపై తేదీలు చదివి, అవి హాన్ వంశ కాలానివని గుర్తించడానికి తోడ్పడ్డాడు.

గుహలోని గ్రంథాలయం

సహస్ర బుద్ధ గుహల సంరక్షకుడైన వాంగ్ యువాన్‌లూ అనే తావో సాధువుకు 1900లో ఒక మూసివున్న గదిలో గ్రంథాల గుట్టలు కనిపించాయి. 1907 మే నెలలో అతనితో బేరసారాలు నడిపినవాడు జియాంగే. వాంగ్ మొదట భయపడి, చుట్టలను చూపడానికే వెనుకాడాడు. అతనికి హ్యూయెన్ త్సాంగ్‌పై అపారమైన భక్తి. (మన ఆంధ్రదేశాన్ని సందర్శించిన యాత్రికుడు ఈయనే.) స్టెయిన్ కూడా ఆ యాత్రికుని భక్తుడేనన్న సంగతి జియాంగ్ ద్వారా వాంగ్‌కు తెలిసింది. ఒక రాత్రి వాంగ్ రహస్యంగా తెచ్చి ఇచ్చిన చుట్టలను పరిశీలించగా, వాటిలో హ్యూయెన్ త్సాంగ్ అనువదించిన సూత్రాలు ఉన్నట్లు జియాంగ్‌కు కనిపించింది. ఇది ఆ మహాత్ముని సంకల్పమేనని అతడు వాంగ్‌కు నచ్చజెప్పాడు. గది తలుపు తెరుచుకొంది.

ఎంపికైన కట్టలను జియాంగ్ ఒక్కడే అనేక రాత్రులు మోసి స్టెయిన్ గుడారానికి చేర్చాడు. చివరకు 24 పెట్టెల గ్రంథాలు, 5 పెట్టెల చిత్రాలు, పట్టు వస్త్రాలు తరలిపోయాయి. ప్రతిగా వాంగ్‌కు దక్కినవి నాలుగు వెండి కడ్డీలు. అదే సంవత్సరం శరత్కాలంలో జియాంగ్ తిరిగి వెళ్ళి మరో 230 కట్టలు తెచ్చాడు. సా.శ. 868 నాటి ముద్రిత వజ్రచ్ఛేదిక సూత్రం ఈ సేకరణలోనిదే.

విమర్శ

జియాంగ్ బౌద్ధ వాఙ్మయ పండితుడు కాడు. గడువు కూడా స్వల్పం. అందువలన తెచ్చిన చైనా గ్రంథాలలో ఒకే సూత్రపు ప్రతులు అనేకం ఉన్నాయి. 1908లో వచ్చిన ఫ్రెంచి పండితుడు పాల్ పెలియో చైనా భాష స్వయంగా చదవగలవాడు కావడంతో మేలైనవి ఏరుకోగలిగాడు. చైనా సంపద విదేశాలకు తరలడానికి సహకరించాడని జియాంగ్‌ను చైనాలో అనేకులు నిందించారు. వాంగ్ భక్తిని ఆసరా చేసుకొన్న మాట నిజమే. అయితే కొన్నవాని కంటె దుబాసీనే ఎక్కువ దోషిగా నిలపడం న్యాయం కాదు.

అనంతర జీవితం

1908లో ఖోటాన్‌లో జియాంగ్ చైనా గ్రంథాల జాబితా తయారుచేయ పూనుకొన్నాడు. అందులో కొంత భాగమే పూర్తయింది. తరువాత కాష్గర్‌లోని బ్రిటిషు కాన్సులేటులో చైనా భాషా కార్యదర్శి అయ్యాడు. చెవుడు రావడంతో 1913లో మొదలైన స్టెయిన్ మూడవ యాత్రలో పాల్గొనలేకపోయాడు. 1922లో మరణించాడు.