హెడ్‌సెట్ కొనేముందు ఈ ఇంజినీర్ కథ చదవండి

కొత్తగా పీసీ కొన్న ప్రతి ఒక్కరికీ వచ్చే డౌటే ఇది. గేమింగ్ హెడ్‌సెట్ తీసుకోవాలా, మామూలు హెడ్‌ఫోన్స్ సరిపోతాయా? షాపులో డబ్బా మీద 7.1 అని పెద్దగా కనిపిస్తే చెయ్యి ముందు అటే వెళ్తుంది. వెనక నుంచి వచ్చే శత్రువు అడుగుల చప్పుడు అందులో అయితేనే తెలుస్తుందని మన నమ్మకం. నిజంగా అంతేనా? దీనికి జవాబు 1931లో ఓ బ్రిటిష్ ఇంజినీర్ వేసిన పేటెంట్‌లో ఉంది. ఆయన పేరు అలన్ బ్లమ్‌లైన్. మనం స్టీరియో అని పిలుస్తున్నదానికి పునాది వేసింది ఆయనే.

బ్లమ్‌లైన్ 1903 జూన్ 29న లండన్‌లోని హ్యాంప్‌స్టెడ్‌లో పుట్టారు. ఏడేళ్ల వయసులో ఇంటి కాలింగ్ బెల్ బాగుచేసి, కింద ఎలక్ట్రికల్ ఇంజినీర్ అని సంతకం పెట్టి మరీ నాన్నకు బిల్లు ఇచ్చారట. చదవడం మాత్రం పన్నెండేళ్లు వచ్చేదాకా సరిగ్గా రాలేదని ఆయన సోదరి చెప్పేవారు. అలాంటి కుర్రాడే సిటీ అండ్ గిల్డ్స్ కాలేజీలో మూడేళ్ల డిగ్రీని రెండేళ్లకే ఫస్ట్ క్లాస్‌లో పూర్తిచేశారు.

మొదటి ఉద్యోగం టెలిఫోన్ రంగంలో. ఒక లైన్‌లో మాటలు పక్క లైన్‌లోకి దూరకుండా చూడటం ఆయన పని. 1929లో కొలంబియా గ్రాఫోఫోన్ కంపెనీలో చేరారు. రికార్డులు తయారు చేసిన ప్రతిసారీ వేరేవాళ్ల పేటెంట్‌కు రాయల్టీ కట్టాల్సి వస్తుంటే, ఆ అవసరం లేకుండా సొంత రికార్డింగ్ పద్ధతిని తయారుచేసి ఇచ్చారు. 1931లో ఆ కంపెనీ మరో కంపెనీతో కలిసి ఈఎంఐ అయింది. మనం నెలనెలా కట్టే ఈఎంఐ కాదు లెండి, ఎలక్ట్రిక్ అండ్ మ్యూజికల్ ఇండస్ట్రీస్!

ఆ రోజుల్లోనే, తర్వాత తన భార్య అయిన డోరీన్‌తో కలిసి సినిమాకు వెళ్లారు. తెర మీద నటుడు ఒక పక్కన ఉంటే, గొంతు ఇంకెక్కడి నుంచో వస్తోంది. ఉన్నది ఒక్కటే స్పీకర్ మరి. అందరూ పట్టించుకోకుండా చూసేసే విషయం ఈయనను కుదురుగా కూర్చోనివ్వలేదు. మనిషి ఎటు వెళ్తే శబ్దం కూడా అటే వెళ్లేలా చేయొచ్చని ఆమెకు చెప్పారు. 1931 డిసెంబర్ 14న పేటెంట్‌కు దరఖాస్తు పెట్టారు. అందులో ఏకంగా 70 అంశాలపై హక్కు కోరారు. అప్పటికి ఆయన వయసు 28.

ఐడియా సింపులే. ఎడమ పక్క చప్పుడైతే అది ఎడమ చెవికి కాస్త ముందుగా, కాస్త గట్టిగా చేరుతుంది. కుడి చెవికి వచ్చేసరికి సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ ఆలస్యం. ఆ చిన్న తేడాతోనే మెదడు దిక్కు పసిగడుతుంది. ఈ తేడా పోకుండా రెండు ఛానళ్లలో రికార్డు చేసి వినిపిస్తే చాలు. 1934లో లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో ఆర్కెస్ట్రాను ఇలా రికార్డు చేశారు. 1935లో హేస్ స్టేషన్‌లో రైళ్లను చిత్రీకరించారు. తెర మీద రైలు ఎటు కదిలితే చప్పుడు కూడా అటే కదిలింది.

అయినా కంపెనీ స్టీరియోను పక్కన పెట్టేసింది. కొనేవాళ్లుంటారని అనుకోలేదు. బ్లమ్‌లైన్ అలిగి కూర్చోలేదు. 1936లో బీబీసీ మొదలుపెట్టిన 405 లైన్ల టీవీ వ్యవస్థ వెనక ఆయన బృందం పని ఉంది. యుద్ధం వచ్చాక, విమానం నుంచి చీకట్లోనూ నేలను చూపించే హెచ్2ఎస్ రాడార్ మీదకు మళ్లారు. 1942 జూన్ 7న దాన్ని పరీక్షిస్తుండగా వాళ్లు ఎక్కిన హ్యాలిఫాక్స్ విమానం ఇంజిన్‌కు మంటలు అంటుకున్నాయి. విమానం వెల్ష్ బిక్‌నర్ దగ్గర కూలిపోయింది. అందులోని 11 మందీ చనిపోయారు. బ్లమ్‌లైన్‌కు అప్పటికి 39 కూడా నిండలేదు. ఇంటి దగ్గర ఇద్దరు చిన్న కొడుకులు. రాడార్ రహస్యం బయటపడకూడదని ఆయన మరణం గురించి అప్పట్లో పెద్దగా రాయనివ్వలేదు.

ఆయన పేరు మీద 128 పేటెంట్లున్నాయి. స్టీరియో పేటెంట్ గడువు 1952తో ముగిసింది. స్టీరియో రికార్డులు మార్కెట్‌లోకి వచ్చింది 1957-58లో! రికార్డు గాడి రెండు గోడల్లో రెండు ఛానళ్లు ఉంచే ఆ పద్ధతి ఆయన పేటెంట్‌లో అప్పటికే ఉంది. టెక్నికల్ గ్రామీ అవార్డు వచ్చేసరికి 2017 అయింది.

ఇప్పుడు మన డబ్బా దగ్గరికి వద్దాం. 7.1 అని రాసిన హెడ్‌సెట్లలో చాలావాటికి చెవికి ఒక్క స్పీకరే ఉంటుంది. మిగతాదంతా సాఫ్ట్‌వేర్. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి గేమ్స్ హెడ్‌ఫోన్స్ కోసం దిక్కుల లెక్క తామే వేస్తాయి. దాని మీద హెడ్‌సెట్ 7.1 కూడా ఆన్ చేస్తే దిక్కులు గజిబిజి అవుతాయి. కాబట్టి ఆ అంకె కోసం ఎక్స్‌ట్రా డబ్బులు పెట్టొద్దు.

రోజూ టీమ్‌తో మాట్లాడుతూ ఆడేవాళ్లయితే, మైక్ కలిసి వస్తుంది కనుక హెడ్‌సెట్ తీసుకోండి. పాటలు, ఆన్‌లైన్ క్లాసులు, ఎడిటింగే ఎక్కువైతే అదే డబ్బుతో మంచి స్టీరియో హెడ్‌ఫోన్స్, విడిగా చిన్న మైక్ కొనుక్కోవచ్చు. ఓపెన్ బ్యాక్ రకంలో శబ్దం విశాలంగా వినిపిస్తుంది కానీ బయటికీ వినిపిస్తుంది. హాస్టల్ గదిలో ఉంటే క్లోజ్డ్ బ్యాకే మేలు. బరువు, కుషన్లు, కళ్లజోడు పెట్టుకుంటే నొక్కుతుందా అన్నదీ చూసుకోండి.

షాపులో చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఫోన్‌లో ఏదైనా స్టీరియో క్లిప్ పెట్టి, కళ్లు మూసుకుని, చప్పుడు ఎటు నుంచి వస్తోందో వేలుతో చూపించండి. డబ్బా మీద అంకెలు ఆ తర్వాతే చదవండి.