యల్లాప్రగడ సుబ్బారావు

శాస్త్ర పరిశోధనల ఫలితాలు ఇంటింటికీ చేరతాయి. వాటి కోసం శ్రమించినవారి పేర్లు మాత్రం చాలామందికి తెలియవు. కోలారు జిల్లాలోని బైరకూరు వంటి పల్లెల్లో కూడా గర్భిణీ స్త్రీలకు ఆరోగ్య కార్యకర్తలు రక్తహీనత రాకుండా మాత్రలు ఇస్తారు. ఆ మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవారు ఒక తెలుగువారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. వారిది పేద కుటుంబం. చిన్నతనంలో సుబ్బారావుకు చదువుపై శ్రద్ధ తక్కువ. పదమూడో ఏట, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని ఇల్లు విడిచి వెళ్ళిపోయారు. పెద్దలు ఆయనను వెనక్కు తీసుకువచ్చారు. కొడుకు చదువు ఆగిపోకూడదని తల్లి పట్టుబట్టింది. రెండుసార్లు తప్పినా, మూడో ప్రయత్నంలో ఆయన మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు.

తరువాత సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. జాతీయోద్యమ ప్రభావంతో శస్త్రచికిత్స గదిలోకి ఖద్దరు దుస్తులు ధరించి వెళ్ళేవారు. ఇది ఆంగ్లేయ ఆచార్యునికి నచ్చలేదు. ఫలితంగా ఆయనకు పూర్తి పట్టా బదులు తక్కువ స్థాయి పట్టా మాత్రమే లభించింది. అయినా ఆయన నిరుత్సాహపడలేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ జీవనం సాగించారు.

ఆ రోజుల్లో ఆయన కుటుంబానికి తీరని దుఃఖం కలిగింది. స్ప్రూ అనే వ్యాధితో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో మరణించారు. ఈ వ్యాధి సోకినవారికి తిన్న ఆహారం ఒంటికి పట్టదు. విరేచనాలతో, రక్తహీనతతో వారు కృశించిపోతారు. అప్పట్లో దానికి సరైన మందు లేదు. ఇటువంటి రోగాలకు మందు కనుగొనాలనే పట్టుదల సుబ్బారావు మనసులో బలపడింది.

1922లో ఆయన భార్య శేషగిరిని స్వదేశంలోనే విడిచి అమెరికా చేరుకున్నారు. చేతిలో డబ్బు లేక, ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేస్తూ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడ సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞునితో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాలపై కూడా వారిద్దరూ కృషి చేశారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరి, అనతికాలంలోనే పరిశోధనలకు అధిపతి అయ్యారు.

1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. లాటిన్ భాషలో ఆకుకు ఉన్న పేరును బట్టి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. కాని బస్తాలకొద్దీ ఆకుల నుంచి కొద్దిపాటి పదార్థమే వచ్చేది. 1945లో సుబ్బారావు బృందం ఆ పదార్థపు నిర్మాణాన్ని తెలుసుకొని, దానిని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందుగా పనిచేసింది.

ఫోలిక్ ఆమ్లం విలువ అంతటితో ఆగలేదు. తల్లి గర్భంలో మూడో వారంలో పిండం వీపు భాగాన ఒక పలక వంటి నిర్మాణం ఏర్పడుతుంది. దాని అంచులు పైకి లేచి, కలుసుకొని గొట్టంగా మారతాయి. మెదడు, వెన్నుపాము ఈ గొట్టం నుంచే తయారవుతాయి. సుమారు 28 రోజులకే ఇది మూసుకుంటుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతి కూడా తెలియదు. గొట్టం అంచుల నుంచి విడివడిన కణాలు ముందుకు సాగి దవడలుగా, ముఖపు ఎముకలుగా, పుర్రెలో కొంత భాగంగా రూపొందుతాయి. పన్నెండో వారానికి అంగిలి రెండు వైపుల నుంచి కలుసుకుంటుంది. పుర్రె ఎముకలు మాత్రం పుట్టేనాటికి కూడా పూర్తిగా అతుక్కోవు. అందువల్లనే పసిపిల్లల మాడు మెత్తగా ఉంటుంది.

ఈ నిర్మాణమంతా కణాలు వేగంగా విభజన చెందడం వల్ల జరుగుతుంది. అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. గొట్టం పైభాగం మూసుకోకపోతే పుర్రె పైకప్పు, మెదడులో అధిక భాగం ఏర్పడవు. అటువంటి శిశువులు బ్రతకరు. కింది భాగం మూసుకోకపోతే వెన్నెముకలో చీలిక మిగులుతుంది. గర్భధారణకు ముందునుంచే తల్లులు ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే ఈ లోపాలను చాలావరకు నివారించవచ్చునని, ఏడు దేశాలలో జరిగిన పరిశోధన ద్వారా 1991లో రుజువైంది.

సుబ్బారావు బృందమే ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకొనే అమినోప్టెరిన్ అనే మందును కూడా తయారుచేసింది. 1947-48లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు దానిని ఇవ్వగా, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. అయితే క్యాన్సర్ కణాల పెరుగుదలను ఆపే ఆ మందే గర్భంలోని శిశువుకు విషమవుతుంది. దానిని గర్భస్రావానికి వాడినప్పుడు, బ్రతికి పుట్టిన కొందరు శిశువులలో పుర్రె ఎముకలు సరిగా గట్టిపడలేదు. కింది దవడ చిన్నదిగా ఉంది. కొందరికి అంగిలి చీలి ఉంది. 1950 తరువాతి సంవత్సరాలలో ఈ సంగతి బయటపడింది. అమినోప్టెరిన్ స్థానంలోకి వచ్చిన మెథోట్రెక్సేట్ విషయంలోనూ వైద్యులు ఈ జాగ్రత్తనే పాటిస్తారు. ఒక మందు ప్రాణం నిలపడమూ, హాని చేయడమూ అది ఎవరికి, ఎప్పుడు ఇచ్చారన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

బోదకాలు వ్యాధికి మందైన హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశకం కూడా సుబ్బారావు నాయకత్వంలోని ప్రయోగశాల నుంచే వెలువడ్డాయి. ఆయన కీర్తి కోసం ఆరాటపడలేదు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. తిరిగి స్వదేశం చూడకుండానే 1948 ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే కన్నుమూశారు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

తోటకూర, పాలకూర, పెసలు, శనగలు వంటి సామాన్యమైన ఆహారంలో ఫోలిక్ ఆమ్లం సహజంగా లభిస్తుంది. ఆరోగ్య కార్యకర్త ఇచ్చే చిన్న మాత్రలోనూ అదే ఉంటుంది. సోదరులను కాపాడుకోలేకపోయిన సుబ్బారావు కృషి, తాను ఎన్నడూ చూడని ఎందరో తల్లులకు, శిశువులకు అండగా నిలిచింది.