మిస్సమ్మను మనకిచ్చిన చక్రపాణి



గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్ల మధ్య సాయంత్రం పూట నడిచి చూడండి. ఒక ఇంట్లో మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, మంచం మీద వాలిన మనిషి కనిపిస్తాడు. పక్కింట్లో రాత్రి షిఫ్టుకు టిఫిను డబ్బా సర్దుతుంటారు. ఎక్కడో ఒకచోట టీవీలో పాత సినిమా వస్తుంటుంది. అది మిస్సమ్మ అయితే మాత్రం అమ్మమ్మ నుంచి మనవరాలి దాకా అందరూ చేరిపోతారు. అందులో మరియమాతను వేడుకునే పాట రాగానే మన ఇళ్ళలో ముసలమ్మలు చేతులు జోడించడం నేను చాలాసార్లు చూశాను. సినిమా పాట అనే సంగతి వాళ్ళకు గుర్తుండదు. జపమాల చేతిలో ఉంటే దాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంటారు.

ఆ కథను తెరకెక్కించిన వ్యక్తి క్రైస్తవుడు కాడు. ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందుంచుతాను. చివర్లో, మనందరి ఇళ్ళకు సంబంధించిన ఒక మాట కూడా చెప్పాలి.

ఆయన పేరు చక్రపాణి. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908 ఆగస్టు 5న తెనాలి పక్కన ఐతానగరంలో పుట్టారు. దేశమంతా స్వాతంత్ర్యోద్యమపు వేడిలో ఉన్న ఆ రోజుల్లో ఎందరో యువకుల్లాగే ఆయన కూడా హిందీ నేర్చుకున్నారు. ఆ హిందీ నేర్పిన గురువు పెట్టిన కలం పేరే చక్రపాణి. చివరికి అసలు పేరు మరుగునపడి, ఆ పేరే నిలిచిపోయింది.

ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆయనకు క్షయ సోకింది. 1932 నాటికి క్షయ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. స్ట్రెప్టోమైసిన్ అనే మందును కనిపెట్టింది 1943లో. అంతకుముందు ఈ జబ్బుకు మందంటూ లేదు. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి పడక, ఇంతే వైద్యం. దగ్గు అంటే ఏమిటో, ఊపిరి ఆడకపోవడం అంటే ఏమిటో మన బొగ్గు గనుల వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునే నాన్నలు, తాతలు ఉన్న ఇళ్ళు మనవి. ఆ యువకుడి స్థితిని మీరు ఊహించగలరు.

ఆయనను మదనపల్లె శానిటోరియంలో చేర్చారు. ఆ ఊరి దగ్గర ఆరోగ్యవరంలో కొండల మధ్య 1915లో వెలసిన ఆసుపత్రి అది. కొన్ని ప్రొటెస్టెంటు మిషన్లు కలిసి కట్టాయి. కులమతాలతో పని లేకుండా దక్షిణదేశమంతటి నుంచీ రోగులు అక్కడికి వచ్చేవారు. బతుకుతామో లేదో తెలియని మనుషుల మధ్య మంచం మీద పడుకుని ఈ తెనాలి కుర్రవాడు ఏం చేశాడో తెలుసా? సాహిత్యం తెలిసిన ఒక తోటి మనిషి దగ్గర బెంగాలీ నేర్చుకున్నాడు. ఎప్పుడు పోతుందో తెలియని ప్రాణానికి కొత్త భాష ఎందుకు అని ఆయన అనుకోలేదు. రేపటి మీద నమ్మకం లేనివాడు అక్షరాలు దిద్దుతాడా? నేను సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో ఆశ అనే సుగుణం గురించి చాలా పేజీలు చదివాను. ఆ పేజీలన్నిటికంటే ఈ ఒక్క దృశ్యం నాకు బాగా అర్థమైంది.

ఆయన కోలుకున్నారు. నేర్చుకున్న భాష వృథా పోలేదు. శరత్‌చంద్ర నవలలను తెలుగులోకి తెచ్చారు. ఆ తెలుగు ఎంత సహజంగా ఉండేదంటే శరత్‌బాబు తెలుగువాడేనని చాలామంది పాఠకులు అనుకునేవారట. పుస్తకాల అచ్చుపని మీద మద్రాసు వెళ్ళినప్పుడు అక్కడ ప్రెస్సు నడుపుతున్న బి. నాగిరెడ్డిగారితో పరిచయమైంది. ఆ పరిచయం జీవితాంతపు స్నేహంగా మారింది. ఒకరు రాయలసీమ వారు, ఒకరు తెనాలి వారు. ఒకరికి వ్యవహార దక్షత, ఒకరికి కథ. సినిమా తెర మీద ఆ రెండు పేర్లూ కలిసే కనిపించేవి. వ్యాపారంలో పొత్తు ఎంతకాలం నిలుస్తుందో మీకు తెలుసు. వీరి పొత్తు చక్రపాణిగారు కన్నుమూసే దాకా నిలిచింది.

1947 జులైలో, స్వాతంత్ర్యం రావడానికి నెల ముందు, ఈ ఇద్దరూ చందమామ మొదలుపెట్టారు. నా తరం వాళ్ళు అక్షరాలు బడిలో నేర్చుకున్నా, చదవడం చందమామతోనే నేర్చుకున్నారు. ఆ తర్వాత విజయా సంస్థ. 1950లో షావుకారు. ఇరుగుపొరుగు రెండు కుటుంబాలు తగవు పడి మళ్ళీ కలిసే పల్లెటూరి కథ అది. 1952లో పెళ్ళిచేసిచూడు. కట్నం బాకీ పడిందని పెళ్ళి పందిట్లోంచి కొడుకును లాక్కుపోతాడు ఒక తండ్రి. ఆ కొడుకు పిచ్చివాడిలా నటిస్తాడు, భార్య నర్సుగా ఆ ఇంట్లోకి వస్తుంది. జనం కడుపుబ్బ నవ్వారు. నవ్వుతూనే కట్నం ఎంత సిగ్గుమాలిన పనో గ్రహించారు.

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. సెమినరీ రోజుల్లో మాకొక ఇంగ్లీషు సినిమా చూపించారు. పేరు ది క్వైట్ మ్యాన్. అది కూడా 1952 నాటిదే. జాన్ ఫోర్డ్ తీశారు. ఆయన తల్లిదండ్రులు ఐర్లండు నుంచి అమెరికా వెళ్ళిన కతోలికులు. ఆ దేశంలో మేయో అనే జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో చాలా భాగం తీశారు. ఉత్తమ దర్శకుడిగా ఆయనకు నాలుగో ఆస్కారు తెచ్చింది ఆ సినిమాయే. అమెరికాలో బాక్సింగు మానేసిన ఒకడు పుట్టిన పల్లెకు తిరిగి వస్తాడు. మేరీ కేట్ అనే అమ్మాయిని ఇష్టపడతాడు. ఆమె అన్న కట్నం ఇవ్వనంటాడు. వీడు నాకు కట్నమే వద్దంటాడు. ఆమె మాత్రం తన హక్కు తనకు కావాలంటుంది. ఊరి విచారణ గురువు పెద్దరికం చేస్తుంటాడు. ఆ ఊళ్ళో ప్రొటెస్టెంటు పాదిరిగారికి సంఘస్థులు బహు కొద్దిమంది. బిషప్పు తనిఖీకి వచ్చిన రోజున ఆ పాదిరిగారి ఉద్యోగం పోకూడదని మన కతోలికులే ఆయన మనుషులమన్నట్టు నిలబడి జేజేలు కొడతారు. మా గురువులు కూడా పడిపడి నవ్వారు. పక్కవాడి విశ్వాసం మీద నవ్వలేదు సుమా. పక్కవాడిని నిలబెట్టడానికి పల్లె వేసిన వేషం చూసి నవ్వారు.

మూడేళ్ళ తర్వాత, 1955 జనవరిలో, ఇలాంటి వేషమే చక్రపాణిగారు మనకు చూపించారు. ఒక బెంగాలీ కథను తీసుకుని తెలుగు పల్లెలో నాటారు. ఎల్.వి. ప్రసాద్‌గారు దర్శకులు. అప్పాపురం అనే ఊళ్ళో జమీందారు, చిన్నప్పుడు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి పేరు మీద బడి నడుపుతుంటాడు. దానికి భార్యాభర్తలైన పంతుళ్ళే కావాలి, ఇద్దరూ బి.ఎ. చదివి ఉండాలి. ఉద్యోగం లేక తిరుగుతున్న ఎం.టి. రావు హిందువు. అప్పుల్లో ఉన్న మేరీ కతోలిక అమ్మాయి. పొట్టకూటి కోసం ఇద్దరూ భార్యాభర్తలమని చెప్పి ఆ ఊరు చేరతారు. తర్వాత ఏమైందో మీ అందరికీ తెలుసు.

ఆ పాత్రకు మొదట అనుకున్నది భానుమతిగారిని. నాలుగు రీళ్ళ దాకా తీశాక ఆమెకూ చక్రపాణిగారికీ పట్టింపు వచ్చింది. ఆయన వెనక్కి తగ్గలేదు, ఆమే తగ్గలేదు. అప్పటిదాకా తీసింది పక్కన పెట్టి, సావిత్రిగారితో మళ్ళీ మొదలుపెట్టారు. ఇంత సున్నితమైన కథలు తీసిన మనిషి మాటలో మాత్రం కరుకు. మొహమాటం ఎరగరు. సినిమాలో నీతిబోధ చేయడమంటే ఆయనకు గిట్టేది కాదు. ప్రతి ఆదివారం ప్రసంగం చేసే నావంటివాడికి ఇది కొంచెం గుచ్చుకునే మాటే. అయినా ఒప్పుకుంటాను, నా ప్రసంగం మరచిపోయినవాళ్ళు కూడా ఆయన కథ మరచిపోలేదు.

మిస్సమ్మలో మన విశ్వాసాన్ని ఎలా చూపారో గమనించండి. మేరీ ప్రార్థనను ఎక్కడా ఎగతాళి చేయలేదు. బొట్టు పెట్టుకోమంటే ఆమె మొండికేస్తుంది. ఆ మొండితనం మనకు నవ్వు తెప్పిస్తుంది, ఆమె భక్తి మాత్రం నవ్వులపాలు కాదు. అలాగని క్రైస్తవులందరినీ దేవదూతలుగానూ చూపలేదు. అప్పు ఇచ్చి, ఆ అప్పు పేరుతో ఆమెను పెళ్ళాడాలని వెంటపడే డేవిడ్ కూడా క్రైస్తవుడే. మంచీ చెడూ అన్ని గుడుల్లోనూ ఉంటాయని తెలిసిన మనిషి రాసిన కథ ఇది. ప్రాణభయంతో పడి ఉన్న రోజుల్లో తనది కాని మతం వాళ్ళు నడిపిన ఆసుపత్రిలో ఆయనకు పడక దొరికింది. ఆ రోజులకూ ఈ మర్యాదకూ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను. ఉందని నమ్మడం మాత్రం నాకిష్టం.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాటకు వస్తాను. సినిమా చివర ఏమవుతుంది? మేరీయే తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలుతుంది. పుట్టుకతో హిందువే గనుక పెళ్ళికి అడ్డు తొలగిపోతుంది. కథ సుఖాంతం. నా వరకు ఇక్కడ చక్రపాణిగారు కష్టమైన లెక్కను చెరిపేసి సులువైన లెక్క చేశారనిపిస్తుంది. ఆ అమ్మాయి నిజంగానే మేరీ అయి ఉంటే? అయితే ఒకటి గమనించారా? రావు జమీందారు చిన్న కూతురికి సంగీతం నేర్పుతుంటే మేరీకి అసూయ పుట్టింది తన పుట్టుక తెలిశాక కాదు, అంతకుముందే. ప్రేమకు అప్పటికి ఏ ఆనవాలూ అక్కరలేకపోయింది.

మన ఊళ్ళలో తప్పిపోయిన మహాలక్ష్ములు ఉండరు, మేరీలే ఉంటారు. గనుల కోసం ఎన్నో జిల్లాల వాళ్ళు వచ్చి ఒకే గోడకు అటూ ఇటూ కాపురం ఉంటున్నారు. పిల్లలు ఒకే బడికి పోతారు, ఒకే బస్సు ఎక్కుతారు. కొన్నిచోట్ల మనసులు కలుస్తాయి. అప్పుడు మనం ఏం చేస్తున్నాం? ఇంట్లో తెలిస్తే చంపుతారని పిల్లలు దాస్తారు. గుడిలో తెలిస్తే పరువు పోతుందని పెద్దలు దాస్తారు. ఒక తల్లి నా దగ్గరకు వచ్చి ఏడ్చింది. కూతురు పెళ్ళయి ఏడేళ్ళయింది, మనవడి ముఖం ఇంకా చూడలేదు. ఫాదర్‌గారిని ముందే అడగవచ్చని మాకు ఎవరూ చెప్పలేదు అన్నదే ఆమె బాధ.

అందుకే చెబుతున్నాను, అడగండి. జ్ఞానస్నానం పొందనివారిని కతోలికులు పెళ్ళాడాలంటే మేత్రాణులవారి అనుమతి తీసుకోవాలి. సరైన కారణం ఉంటే వారు ఇవ్వగలరు. కతోలిక వ్యక్తి తన విశ్వాసాన్ని విడవనని, బిడ్డలకు జ్ఞానస్నానం ఇప్పించి విశ్వాసంలో పెంచడానికి చేతనైనంత చేస్తానని మాట ఇవ్వాలి. ఆ మాట సంగతి అవతలివారికి ముందే తెలియాలి. వారు మతం మారాలని శ్రీసభ నిర్బంధించదు. ఇది సులువైన దారి అనను. మన బిడ్డ మన విశ్వాసంలోనే తోడును వెతుక్కోవాలని నేనూ కోరుకుంటాను. కానీ దాచిపెట్టిన దారికంటే వెలుగులో నడిచే కష్టమైన దారి మేలు. సినిమాలో అబద్ధం మూడు గంటల్లో విడిపోతుంది. ఇంట్లో అబద్ధం ఏడేళ్ళయినా ముడి వీడదు.

చక్రపాణిగారు ఆ తర్వాత 1962లో గుండమ్మకథ వంటి నవ్వుల పంట ఇచ్చి, 1975 సెప్టెంబరు 24న కన్నుమూశారు. ఇరవై నాలుగేళ్ళకే పోతాడనుకున్న మనిషి అరవై ఏడేళ్ళు బతికి, ఇన్ని కోట్ల మందిని నవ్వించి వెళ్ళారు. ఈసారి మీ ఇంట్లో మిస్సమ్మ వస్తే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. నవ్వుకోండి. అయిపోయాక టీవీ కట్టేసి, ఒక్క మాట వాళ్ళతో చెప్పండి. ఏమున్నా మాతో ముందు చెప్పు బిడ్డా, వింటాం అని. ఆ మాట అన్న ఇంట్లో వేషాలు వేయాల్సిన అవసరం ఎవరికీ రాదు.