వేడికి లెక్క కట్టిన జేమ్స్ జౌల్

ఇస్త్రీ పెట్టె, కరెంటు పొయ్యి, నీళ్ళు కాచే రాడ్డు, ఈ మూడింటికీ మూలసూత్రం ఒక్కటే. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికీ, తీగ నిరోధానికీ, కాలానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. ఇంటర్మీడియెట్‌లో దీన్ని బట్టీపట్టి మార్కులు సంపాదించుకున్నవాళ్ళమే మనమంతా. ఎలక్ట్రికల్ శాఖలో హీటర్ డిజైను చదువుతుండగా ఈ సూత్రం మళ్ళీ ఎదురై, దాని వెనకున్న మనిషి ఎవరో తెలుసుకోవాలన్న కుతూహలం కలిగింది. తెలుసుకున్నది మీతో పంచుకోవడానికే ఈ వ్యాసం.

జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1818 డిసెంబరు 24న ఇంగ్లండులో మాంచెస్టరు పక్కనున్న సాల్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రికి బీరు తయారుచేసే కార్ఖానా ఉండేది. డబ్బుకు లోటు లేదుగాని, పిల్లవాడి వెన్నెముక బలహీనం. అందుచేత ఇంట్లోనే చదువు చెప్పించారు. తర్వాత అన్నతోపాటు జాన్ డాల్టన్ దగ్గరకు పంపారు. పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టనే! ముసలి పంతులుగారు ముందు లెక్కలూ, రేఖాగణితమూ చెప్పాడు. 1837లో ఆయనకు పక్షవాతం రావడంతో ఆ చదువూ ఆగింది. జౌల్ ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు. పగలు కార్ఖానా పని, తీరిక వేళల్లో ఇంట్లో పెట్టుకున్న ప్రయోగశాల.

మొదట అతనికి పట్టిన పిచ్చి విద్యుత్ మోటారు. ఆవిరి యంత్రం బదులు మోటారు పెడితే ఖర్చు కలిసొస్తుందేమోనని చూశాడు. బ్యాటరీలో కరిగే జింకు కన్నా బొగ్గే చవక అని తేలింది. వ్యాపారస్తుడైతే అక్కడితో వదిలేసేవాడు. జౌల్ వదల్లేదు. ప్రవాహం వల్ల తీగలు వేడెక్కుతున్నాయి కదా, ఆ వేడికి లెక్కేమిటి అని అడిగాడు.

1840లో చేసిన ప్రయోగం ఎంత సాదాసీదాదో చూడండి. తీగను చుట్టగా చుట్టి నీళ్ళున్న జాడీలో ముంచడం, ప్రవాహం పంపడం, నీళ్ళు ఎన్ని డిగ్రీలు వేడెక్కాయో థర్మామీటరులో చదవడం. ఒక రకంగా అది మన ఇమ్మర్షన్ హీటరే! అయితే అతని గొప్పతనం తీగలను మార్చి మార్చి చూడడంలో ఉంది. సన్నతీగ, లావుతీగ, రాగి, ఇనుము, ఆఖరికి గాజు గొట్టంలో పోసిన పాదరసం. పొడవు మారినా, మందం మారినా, లోహమే మారినా, నిరోధమూ ప్రవాహమూ తెలిస్తే చాలు, వేడి ఎంతో చెప్పవచ్చునని తేల్చాడు. అప్పటికి అతని వయస్సు ఇరవై రెండు నిండలేదు. లండన్ రాయల్ సొసైటీ ఆ వ్యాసాన్ని పూర్తిగా వేయలేదు, సంగ్రహం మాత్రం అచ్చువేసి ఊరుకుంది. పూర్తి పాఠం 1841లో మరో పత్రికలో వచ్చింది.

హీటరు తయారుచేసేవాడికి ఈ ఫలితం ఎంత అక్కరకొస్తుందో నాకు లెక్క వేసి చూసుకున్నాక గాని బోధపడలేదు. 230 వోల్టుల మీద 1000 వాట్ల హీటరు కావాలంటే సుమారు 53 ఓముల నిరోధం ఉండాలి. కార్ఖానాలో లాగిన తీగ ప్రతి చుట్టలోనూ ఒకే మందంగా రాదు. మందం నూటికి రెండు పాళ్ళు తగ్గితే నిరోధం నాలుగు పాళ్ళు పెరుగుతుంది, వెయ్యి వాట్లు 960 అవుతాయి. ఇలాంటి తేడాలుంటాయని తెలిసే, అంతర్జాతీయ ప్రమాణాల్లో ఈపాటి హీటరుకు అయిదు పాళ్ళు ఎక్కువా, పది పాళ్ళు తక్కువా అనుమతించారు. ఉపాయం జౌల్ సూత్రంలోనే ఉంది. తీగను మూరలతో కొలిచి కోయకుండా ఓములతో కొలిచి కోస్తే, మందంలోని తేడా పొడవులో సర్దుకుపోతుంది.

అయితే తీగ పొడవునా మందం ఒక్కలా లేకపోతే? ఒకే తీగలో ప్రవాహం అంతటా ఒకటే కనుక, సన్నబడ్డ చోట నిరోధం ఎక్కువై, వేడి అక్కడే ఎక్కువ పుడుతుంది. తీగ తెగేదీ అక్కడే. హాస్టలు గదుల్లో వార్డెనుగారి కంట పడకుండా కాయిల్ పొయ్యి మీద టీ కాచుకునే మిత్రులకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. తెగిన కాయిల్ కొసలు మెలిపెట్టి మళ్ళీ వాడతారు. పొడవు తగ్గింది కనుక మొత్తం నిరోధం తగ్గి, పొయ్యి ముందుకన్నా ఎర్రగా మండుతుంది. మెలిక వదులుగా ఉంటే అక్కడ మాత్రం నిరోధం పెరిగి, నాలుగు రోజులకే మళ్ళీ తెగుతుంది. రెండు చోట్లా పనిచేసింది ఒకే సూత్రం!

సూత్రం వేడి ఎంత పుడుతుందో చెబుతుందిగాని, తీగ ఎంత కాలుతుందో చెప్పదు. అది వేడి ఎంత త్వరగా బయటికి పోతుందన్న దాన్నిబట్టి ఉంటుంది. నీళ్ళలో నిక్షేపంగా ఉండే రాడ్డు గాలిలో ఆన్ చేస్తే మాడిపోవడానికి కారణం ఇదే. అందుకే రాడ్డు గొట్టంలో తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడు పొడి కూరి, గట్టిగా నొక్కుతారు. ఆ పొడి కరెంటును ఆపుతుంది, వేడిని పోనిస్తుంది. తీగలో ఒకచోట సన్నదనం ఉన్నా అక్కడి వేడి చుట్టుపక్కలకు పంచుకుపోతుంది. బోరు నీళ్ళ ఉప్పు రాడ్డు మీద పేరుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. తీగ విషయానికొస్తే, జౌల్ కాలంలో లేని నైక్రోముకు అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందాడు. ఎర్రగా కాలినా త్వరగా తుప్పుపట్టదది.

మళ్ళీ జౌల్ దగ్గరికి వద్దాం. వేడి అనేది ఒక ద్రవంలాంటి పదార్థమని చాలామంది నమ్ముతున్న రోజులవి. అది శక్తికే మరో రూపమని నిరూపించడానికి అతను బరువులు కిందికి దించి, వాటితో నీళ్ళలో తెడ్లు తిప్పించాడు. నీళ్ళు వేడెక్కేది ఒక ఫారన్‌హీట్ డిగ్రీ కన్నా తక్కువే. అంత సూక్ష్మమైన కొలత ఎవరు నమ్ముతారు? 1847లో ఆక్స్‌ఫర్డ్ సభలో విలియం థామ్సన్ అనే కుర్ర ఆచార్యుడు శ్రద్ధగా విన్నాడు. తర్వాత లార్డ్ కెల్విన్ అయింది ఇతనే. ఆ యేడే జౌల్ పెళ్ళయింది. కొత్త పెళ్ళికొడుకు ఆల్ప్స్ కొండల్లో పొడవాటి థర్మామీటరు పట్టుకుని జలపాతం కొలవడానికి బయల్దేరగా తాను చూశానని థామ్సన్ చెప్పుకున్నాడు. పాపం, ఏడేళ్ళకే, 1854లో, భార్య అమీలియా ఇద్దరు పిల్లల్ని వదిలి కన్నుమూసింది.

తెడ్ల ప్రయోగంలో వచ్చిన అంకె 772. అంటే ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడిచేయడానికి 772 అడుగుల పౌన్ల పని కావాలి. 1867లో, ఓముకు ప్రామాణికం నిర్ణయించిన బ్రిటిష్ సంఘం కోరికపై, తీగను వేడిచేసి అదే అంకెను మళ్ళీ కొలిచాడు. 783 వచ్చింది! తప్పు తెడ్లదా, ప్రామాణికపు తీగచుట్టదా? జౌల్ ఎవరినీ నిందించలేదు. అరవయ్యో ఏట, 1878లో, తెడ్ల ప్రయోగం మళ్ళీ మొదలుపెట్టి చేశాడు. 772.55 వచ్చింది. కొద్ది ఏళ్ళకు లార్డ్ రేలీ కొలతల్లో ఆ ప్రామాణికపు ఓమే అసలుకన్నా సుమారు 1.3 పాళ్ళు తక్కువగా ఉందని బయటపడింది. ఆ మేరకు 783ను సవరించి చూశాను. 772.6 దగ్గర వచ్చి నిలిచింది. నేటి లెక్కకు అది 778. నూరేళ్ళ పైబడిన పరికరాలతో పొరపాటు నూటికొక పాలైనా లేదు!

కార్ఖానా అమ్ముడుపోయింది, ఆస్తి కరిగింది. 1878లో ప్రభుత్వం ఏటా రెండువందల పౌన్ల పింఛను ఇచ్చింది. 1889 అక్టోబరు 11న సేల్ పట్టణంలో కన్నుమూశాడు. శక్తికి కొలమానంగా అతని పేరు నిలిచింది. సమాధి రాతి మీద 772.55 అని చెక్కారు.

మిత్రులారా, లోకంలో ఏ రెండు తీగలూ ఒక్కలా ఉండవు. ఉండాలని పట్టుబట్టేవాడికి కార్ఖానా నడవదు, ఎలా ఉన్నా ఫరవాలేదనేవాడి హీటరు నిలవదు. ఎక్కడ తేడా వస్తే సర్దుకోవచ్చో, ఎక్కడ రాకూడదో కొలిచి తెలుసుకోవడమే ఇంజనీరు పని. డిగ్రీ లేని జౌల్ మనకు నేర్పినది అదే.